అతికించిన మట్టి

మా చెల్లి పోయిందని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు నేను దేవుడి దగ్గర ఒత్తులు వేస్తున్నాను. మైల అని తెలిసీ దీపం వెలిగించాకే లేచాను.

తను మట్టితో ఆడవాళ్ళ బొమ్మలు చేసేది. కుట్లు పడిన పొట్టలు, జుట్టు రాలిన తలలు. కూతురు పాలు మానకముందే తనకు ఒక రొమ్ము తీసేశారు. ఆ తరువాతే ఈ పనిలో పడింది. చూసేవాళ్ళు తల తిప్పుకునేవారు. నేనూ తిప్పుకున్నాను.

ఎక్కువగా గుర్తొచ్చేది ఓ మామూలు ఉదయం. మల్కాపురంలో తన ఇంటి వెనక రేకుల షెడ్డు. బొమ్మ మీద కప్పిన తడిగుడ్డ తెల్లారేసరికి పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడితో నల్లబడేది. ముందు దాన్ని ఉతికి, ఆ తరువాతే టీ తాగేది. ఆ రోజూ గుడ్డ తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్ళింది. పీట మీద ఒక తల్లి, ఒళ్ళో బిడ్డ. తల్లికి ఎద ఒకవైపు చదునుగా ఉంది. ఊడిపోయిందనుకున్నాను. బేసిన్‌లో మట్టి తీసి, ఉండ చేసి అతికించేశాను.

తిరిగొచ్చి చూసి, నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది.

"డాక్టర్లు తీసీసినారు, నువ్వు పెట్టీసినావేటి అప్పా!"

సిగ్గేసింది. తీసేస్తానన్నాను.

"ఉండనీ. ఇన్నాళ్ళకి నాకు పెట్టినోళ్ళు నువ్వొక్కదానివే. కాల్చే ముందు నువ్వే తీద్దువు గాని. గట్టిపడిన మట్టికి పచ్చిది పట్టదు, బట్టీలో పగిలిపోద్ది."

ఆ వారమే జబ్బు తిరగబెట్టింది. తను మళ్ళీ షెడ్డుకు రాలేదు.

పదో రోజు సాయంత్రం అందరం ఆ బొమ్మ చుట్టూ కూర్చున్నాం. ఆటోనగర్‌ బట్టీకి పంపాలని తన కూతురు అంది. తమ్ముడు ఒప్పుకోలేదు.

"చిన్నప్పను కాల్చొచ్చి పదిరోజులే అయినాది. మళ్ళీ దీన్ని కాల్చడమేటి? సముద్రంలో కలిపీద్దాం. పచ్చిమట్టే, కరిగిపోద్ది."

"అమ్మని కలిపీసినాం కదా మావయ్యా. ఇదీ కరిగిపోతే నాకేటి మిగుల్తాది?"

అందరూ నావైపు చూశారు. మనసులో ఒక్కసారి దేవుడి నామం అనుకున్నాను. చెల్లి చెప్పినట్టే, నేను పెట్టింది నేనే తీశాను. లాగనక్కర్లేదు, అరచేతిలోకి వచ్చేసింది. చదునైన చోట చుట్టూ నా వేలిముద్రలు. తుడవబోతే పిల్ల చెయ్యి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా."

బొమ్మను ఆ ముద్రలతోనే కాల్పించాలనీ, ఊడొచ్చిన ముద్దను చెల్లిని కలిపిన చోటే కలపాలనీ ఆ సాయంత్రం అనుకున్నాం. తీసుకెళ్ళేదాకా దాచమని తమ్ముడు నాకే ఇచ్చాడు. కొంగులో కట్టుకున్నాను. పిడికెడు మట్టి. బరువుగా ఉంది.