నీలిగాజు బల్బు కింద మరువం

కాపురానికి వచ్చిన రెండో ఏడు నా వెన్ను వంగడం మొదలైంది. బిందె ఎత్తితే నడుము పైన సూదులు గుచ్చినట్టుండేది. కొత్త కోడలు పని తప్పించుకోవడానికి వంక పెడుతోందని అంటారేమోనని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ పొయ్యి ముందే పడిపోయాను. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి, వీపంతా తడిమి చూసి, వెన్నుపూసకు క్షయ పట్టిందని చెప్పింది. చంకల కింది నుంచి తుంటి దాకా పిండికట్టు వేసింది. ఆ కట్టుతో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోవాలి. పక్కకు తిరగాలన్నా ఇంకొకరు తిప్పాలి. ఎన్నాళ్లని మా ఆయన అడిగితే, "ఎముక గట్టిపడేదాకా" అంది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. "పొద్దుటి ఎండ బాగా తగలాలి. పెరట్లో అంతా గోడల నీడే, మిద్దె మీద పడుకోబెట్టండి. మందు కంటే అదే ముఖ్యం."

ఆ మాట మా అత్తకు మింగుడుపడలేదు.

"చుట్టూరా మిద్దెలే. వయసులో ఉండే కోడలు ఊరందరి కండ్ల ముందర వెల్లకిలా పండుకుంటాదా? ఏమప్పా, రేపు బజార్లో తలెత్తుకోని తిరగల్ల కదా నువ్వు?" అని కొడుకును అడిగింది.

మా ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. చెడ్డవాడూ కాదు. కడప బజారులో మాకు చీరల అంగడి ఉండేది. ఇంట్లో నడిమింటి వెనక నూలు బేళ్లు పెట్టుకునే గది ఒకటి ఉండేది. బేళ్లు ఒక మూలకు జరిపి నా బల్ల అక్కడ వేశారు. ఆ గదికి కిటికీ లేదు. మట్టిమిద్దెలో వెలుతురు కోసం వదిలిన జానెడు గవాక్షి మాత్రం ఉంది. మిట్టమధ్యాహ్నం దాంట్లోంచి చేటంత ఎండ నేల మీద పడి, మెల్లగా గోడెక్కి, నా బల్ల చేరకుండానే పోయేది. మా ఆయన పైన తీగ లాగించి ఒక బల్బు వేలాడదీయించాడు. "ఎండ కావల్లనింది కదా డాక్టరమ్మ. ఎండను నేనే ఈడికి తెచ్చినా, సూడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వితే పిండికట్టు పక్కటెముకలకు ఒరుసుకుంది.

అట్లా మొదలైంది. దూలాలు, దంతెలు, వాటి మధ్య చెదలు కట్టిన గీతలు, ఇవే నా లోకం. కట్టు లోపల దురద పుడితే ఏడుపొచ్చేది. గోక్కోవడానికి లేదు. వీధిలో పాలవాడి కేక, పెరట్లో చేంతాడు చప్పుడు వినబడేవి. అవన్నీ నేను లేకుండానే జరిగిపోతున్నాయని అప్పుడప్పుడు అరవాలనిపించేది. అరిస్తే వచ్చేది మా అత్తే. తినిపించేదీ, తుడిచేదీ, ఎత్తిపోసేదీ అన్నీ ఆమే. ఒక్కనాడు ముఖం చిట్లించలేదు. అందుకని ఆమెను మనసులో తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. గోషా మనిషి. రెండిళ్ల పెరళ్ల మధ్య గోడలో చిన్న తలుపుండేది కాబట్టి వీధిలోకి రాకుండానే మా ఇంటికి వచ్చేది. వాళ్లాయనకు కరెంటు సామాన్ల దుకాణం. ఒకనాడు ఆమె పగిలిన ముంతలో మట్టి పోసి, మరువపు కొమ్మ నాటి తెచ్చి, నేను కళ్లు తిప్పితే కనబడేటట్టు బేళ్ల మీద పెట్టింది.

"నీకు తోడు చెల్లీ. రోజూ సూస్తాండు, ఎట్లా పెరుగుతాదో" అంది.

కొమ్మ నాటుకుంది కానీ సరిగా పెరగలేదు. కాడ సన్నగా సాగి గవాక్షి వైపు వంగింది. ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగి, పాలిపోయింది. నాకు పట్టుదల వచ్చింది. నేనెట్లాగూ లేవలేను, దాన్నయినా నిలబెట్టాలనుకున్నాను. అక్కకు చెబితే సరేనని వాళ్ల దుకాణం నుంచి బల్బులు కొంగులో దాచి తేవడం మొదలుపెట్టింది.

మొదట పాలగాజు బల్బు తెచ్చింది. కంటికి హాయిగా ఉంది, మొక్కకు మాత్రం చాలలేదు. ఆ తర్వాత తెల్లగాజు పెద్ద బల్బు పెట్టాము. ముంతకు దగ్గరగా దించితే ఆకుల అంచులు మాడిపోయాయి. పైకి లాగితే కాడ మళ్లీ సాగింది. చవక సరుకు ఒకటి పెడితే కొన్నాళ్లకే గాజు లోపల నల్లగా మసి పట్టింది. అక్క దాన్ని తీసి చూపించి, "ఇట్లాంటిది సగం ఎలుతురు అదే తింటాది. లోపలి తీగ బిర్రుగా ఉండల్ల, ఊపితే కదలగూడదు, ఇత్తడి మూతి గట్టిగా అంటుకోనుండల్ల. అట్లాంటిదే మంచి బల్బు. యుద్ధం వచ్చినాక మంచివి దొరికేదే కష్టమాయ" అంది. ఆమె కుర్చీ ఎక్కి బల్బు మార్చేది. నేను పడుకున్నచోటి నుంచే ఆకుల రంగు చూసి, ఇంకొంచెం దించు, ఇంకొంచెం ఎత్తు అని చెప్పేదాన్ని. ఆ కాసేపు నాకు కట్టు గుర్తుండేది కాదు.

చివరికి నాకు మా అంగట్లోని నీలిగాజు బల్బు గుర్తొచ్చింది. మామూలు బల్బు కింద ఆకుపచ్చ, నీలం ఒకటిగా కనబడతాయి. చీర అసలు రంగు పగటి వెలుగులో ఎట్లా ఉంటుందో కొనేవాళ్లకు చూపడానికి ఆ బల్బు వాడేవాళ్లు. మా ఆయన్ను అడిగాను. ఆయన మర్నాడు తీసుకొచ్చి తెల్లబల్బు పక్కన తగిలించాడు. రెండూ పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా వెలిగేవి. నెల తిరిగేసరికి మరువం గుబురు కట్టింది. ముంత అంచు దాటి ఆకులు వాలాయి. నాకు బిడ్డను కన్నంత సంబరమైంది.

ఆ సంబరమే నా మెడకు చుట్టుకుంది. డాక్టరమ్మ మళ్లీ వచ్చి నా కళ్లు, గోళ్లు చూసి, ఎండలో పెట్టడం లేదా అని గట్టిగా అడిగింది. మా అత్త ముంత ఎత్తి ఆమె ముఖం ముందు పెట్టింది.

"ఇది సూడు తల్లీ. ఈ గదిలోనే, ఈ బల్బుల కిందనే ఎంత బాగుండాదో! సెట్టే పెరుగుతాంటే మనిషికేం తక్కువ?"

ఇన్నాళ్లూ నేను కష్టపడి పెంచుకున్నది నా గదికి తాళంకప్ప అయింది. ఆరోజు అక్క కూడా ఉంది. ఆమె అలవాటుగా ఒక ఆకు తుంచి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. ఇంకోటి నలిపింది.

"వాసన లేదే చెల్లీ" అంది నెమ్మదిగా.

నాకూ చాలా రోజులుగా అనుమానమే. మూసిన గదిలో పడి నా ముక్కే చచ్చిందనుకున్నాను. మా ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. సిగ్గు విడిచి అందరి ముందర ఆయనతోనే అన్నాను: "నువ్వూ సూడు. పేరుకే మరువం. నేనూ అట్లనే అయితాండాను."

ఆయన ఆకు నలిపి వాసన చూశాడు. చాలాసేపు వేళ్లు ముక్కు దగ్గరే ఉంచుకున్నాడు. అట్లాగే అంగడికి వెళ్లిపోయాడు. మర్నాడు పైన మట్టి రాలేటట్టు చప్పుళ్లు. మిద్దె మీద చుట్టూ గుంజలు పాతి వెదురు తడికలు కట్టిస్తున్నాడు. "అడ్డం కట్టినాక ఎవురేమంటారులేమ్మా" అన్నాడు తల్లితో. మా అత్త "సరే పో" అంది.

నన్ను బల్లతో సహా ఎత్తారు. మా మెట్లు గోడలో కట్టినవి, ఇరుకు. నడుమన ఒక మలుపు. ఆ మలుపు దగ్గర బల్ల ఇరుక్కుంది. ఏటవాలుగా తిప్పితే నేను జారతాను. బల్ల తీసేస్తే వెన్ను వంగుతుంది. తల కిందికి, కాళ్లు పైకి ఉన్నాయి. నా పాదాల అవతల మెట్ల కొసన గుడ్డపేలికంత ఆకాశం కనబడింది. తెల్లగా, మబ్బు లేకుండా. దాన్ని చూస్తుండగానే, "కాదప్పా, దించండి, పాపం దించండి" అని మా అత్త ఏడుస్తూ అంది. మళ్లీ నూలు గదికే తెచ్చారు. అంతకుముందు మనుషులు వద్దన్నారు. ఇప్పుడు అందరూ సరేనన్నా గోడ ఒప్పుకోలేదు. ఆరోజు అన్నం ముట్టలేదు నేను.

కట్టు తీసేదాకా ఆ గదిలోనే ఉన్నాను. మా ఆయన గవాక్షి కొంచెం వెడల్పు చేయించి, నా బల్లను ఎండ వెంట జరిపించేవాడు. ఎండ పాదాల మీద పడ్డ రోజు పాదాలకు, మోకాళ్ల మీద పడ్డ రోజు మోకాళ్లకు. ఎముక ఎట్లాగో అతుక్కుంది, కొంచెం వంకరగా. కట్టు కోసిన తర్వాత కూర్చోవడం నేర్చుకున్నాను, ఆ తర్వాత గోడ పట్టుకుని నిలబడడం.

మిద్దె ఎక్కిన రోజు ఎవర్నీ ఎత్తనివ్వలేదు. మెట్ల మీద వెనక్కి కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కొక్క మెట్టే జరుగుతూ ఎక్కాను. అక్క మరువం ముంత పట్టుకుని నా ముందర ఎక్కింది. ఆ మొక్క పైన బతకలేదు. బల్బుల కింద పెరిగిన ఆకులు కడప ఎండకు మధ్యాహ్నానికే కమిలిపోయాయి. నాకూ కళ్లు తిరిగి తడిక నీడకు జరగాల్సి వచ్చింది. అయినా కిందికి దిగలేదు. తడికల సందులోంచి పాలకొండలు కనబడుతున్నాయి.

కాసేపటికి మా అత్త మజ్జిగ చెంబుతో వచ్చింది. చెంబు ఇచ్చి వెళ్లిపోతుందనుకున్నాను. కొండల వైపు చూస్తూ నిలబడి, తర్వాత నా పక్కన కూర్చుంది.

"ఈడ ఎన్ని వడియాలు ఆరబోసింటానో, ఎన్ని ఎత్తింటానో. ఒక్కనాడు కూసోలేదు మే" అంది.

మజ్జిగ తాగి చెంబు ఆమెకిచ్చాను. ఆమె దాన్ని పక్కన పెట్టి కాళ్లు చాపుకుంది. ఇద్దరం పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాము.