కాసేపట్లో

ఆసుపత్రి వెబ్‌సైటూ, హాల్లో తెరా చూసుకునే ఆవిడకి కాలాన్ని మాటల్లో పెట్టడమంటే మహా పట్టింపు. కంప్యూటరు ఎన్ని వేల సెకన్లని చెప్పినా సరే, వంతు కోసం కూర్చున్నవాళ్ల ఎదురుగా తెర మీద "గంటన్నర" అనో "అరగంట" అనో మనుషులు మాట్లాడుకున్నట్టే పడాలి. ఎక్కడైనా "ఒక గంటలు" అని కనిపించిందంటే ముద్దలో వెంట్రుక తగిలినట్టు మొహం పెట్టి, అది దిద్దేదాకా కుర్చీలోంచి లేచేది కాదు.

అలాంటి మనిషి దగ్గరికి మేనేజరు వచ్చి, "గంట దాటితే అంకె చూపించకండి. 'కాసేపట్లో' అని వేసేయండి. జనం గొడవ చెయ్యరు," అన్నాడు. ఆవిడ మళ్లీ ముద్దలో వెంట్రుక తగిలినట్టే మొహం పెట్టింది. అయినా నోరు మూసుకుని వేసేసింది.

వారం తిరక్కుండానే, తనకి చెప్పకుండా స్కానింగుకి వచ్చిన పెద్దమ్మ ఆ తెర ముందే బట్టలు తడుపుకుని కూర్చుని కనబడింది. పక్కవాళ్లు ముక్కు మూసుకుని దూరం జరిగారు.

"పెద్దమ్మా, లేచి వెళ్లొచ్చుగా!"

"కాసేపట్లో పిలుస్తారని రాశారు కదే. లేస్తే వంతు పోతుందేమోనని ఉగ్గబట్టుకున్నా," అంది ఆమె తలెత్తకుండా.

పెద్దమ్మని కడిగి, బట్టలు మార్పించి, ఆవిడ తన సీటుకెళ్లి ఆ మాట పీకేసింది. తెర మీద "ఇంకా మూడున్నర గంటలు" అని పడగానే హాలంతా గొల్లుమంది. సగం మంది లేచి బాత్రూముల వైపు నడిచారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు మార్చమన్నారండీ?"

ఆవిడ 'కాసేపట్లో' అని టైపు చేసిన వేళ్లని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, చేతులు మళ్లీ కడుక్కోడానికి లేచింది.