ముద్దనూరులో దిగిన మనిషి

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వెళ్లే బస్సులో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రామింగ్ పాఠం చేసుకుంటున్నాను. స్క్రీన్ రీడర్ ఒక్కో వరుసా చెవిలో చదువుతోంది.

"తెర చూడకుండా ఏం చేస్తాండావప్పా?" పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"ప్రోగ్రాం రాస్తాండా మామా. నాకు కండ్లు లేవు. కంప్యూటరే చదివి చెప్తాది."

"పుట్టుకతోనేనా?"

"కాదు. చిన్నప్పుడు ఎలక్షన్లలో మా ఊర్లో బాంబులేసుకున్యారు. నేను వాకిట్లో ఆడుకుంటాంటి."

ఊరి పేరు అడిగాడు. చెప్పాను. ఏ ఎలక్షన్లప్పుడని అడిగాడు; అదీ చెప్పాను.

ముద్దనూరులో దిగబోతూ నా చేయి పట్టుకున్నాడు.

"ఈ సదువు ఇడ్సొద్దప్పా" అన్నాడు.

ఆ చేతికి రెండు వేళ్లు లేవు. నాటుబాంబులు కట్టేవాళ్లకు వేళ్లు పోవడం మా వైపు కొత్త కాదు.

నేను చేయి వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఇప్పటికీ తెలియదు.