బతికున్న ఇంట్లో శోకం

మా మేనత్త పోయింది. మర్రిగూడ పక్కన మా ఊళ్లో, పొద్దున గొర్లను దొడ్డిలోంచి వదలకముందే, మంచంలోనే ప్రాణం పోయింది. కోడలు గుండెలు బాదుకుని ఏడ్చినా చాలాసేపు వాకిట్లోకి ఒక్కరూ రాలేదు. ఊరికి జాలి లేక కాదు. రోజూ ఆ వేళకు ఆ ఇంట్లోంచి శోకం వినబడడం అందరికీ అలవాటే. ముసల్ది మళ్లీ పాట పెట్టిందనుకుని ఎవరి పనుల్లో వాళ్లున్నారు. చివరికి కోడలే వీధిలోకొచ్చి, "పాట గాదు, అత్తమ్మ పోయింది" అని అరవాల్సి వచ్చింది. మా బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడిదీ ఆ ఊరే. వాడు ఫోన్లో ఈ సంగతి చెబుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఆమె వినుంటే పడీపడీ నవ్వేది.

రోజూ పొద్దున్నే ఒక మనిషి తన ఇంట్లో చావు ఏడుపు ఎందుకు పెట్టుకుంటుందో చెబితే తప్ప మా మేనత్త ఎవరో మీకు తెలియదు.

మా ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు ఆమెకే. ఆమె వచ్చి, శవం కాళ్ల దగ్గర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం ఎత్తాకే మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. పోయినవాడు ఏ కూర ఇష్టంగా తినేవాడో, ఎవరితో గట్టు తగాదా పెట్టుకున్నాడో, పెళ్లాన్ని ఎలా చూసుకున్నాడో అన్నీ ఆ రాగంలోకి వచ్చేవి. పిసినారి చచ్చిపోతే వాడి పిసినారితనం కూడా వచ్చేది. ఏడ్చేవాళ్లు నవ్వాపుకోలేక నోట్లో కొంగులు కుక్కుకోవడం నేను చూశాను. "సచ్చినంక అందరు దేవుళ్లే అంటే ఎట్ల? మనిషిని మనిషి లెక్కనే సాగనంపాలె" అనేది. అందుకే నేనూ ఆమెను దేవతను చేయబోవడం లేదు. మా మేనత్త మొండిది. నోరు మంచిది కాదు. టీలో చక్కెర తక్కువైతే గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయేది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మేము కొందరం కలిసి బ్యాండు పెట్టాం. జాతర పాటల వరసలు తీసుకుని, వాటి మీద ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ దంచి మొదటి ఆల్బమ్ చేశాం. అది పేలింది. కల్వకుర్తి నుంచి యాదగిరిగుట్ట దాకా బరాత్‌లో మా పాట లేనిదే పెళ్లికొడుకు కారు కదిలేది కాదు. డీజే వాళ్లకు మేమంటే ప్రాణం. మేనత్త ఆల్బమ్ మొత్తం ఓపికగా విన్నది.

"మంచిగనే ఉన్నది అల్లుడా. ఎగురబుద్ధయితాంది. ఎగిరి ఎగిరి కూసున్నంక ఏమున్నది?"

ఆ మాట నన్ను చాలా రోజులు కుట్టింది.

మా నీళ్ల సంగతి తెలియనివాళ్లుంటే చెప్పాలి. బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్. అవే తాగి తాగి పళ్లు గారపట్టిపోయాయి, కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. మా మామ, అంటే మేనత్త పెనిమిటి, పక్కనున్న మనిషిని చూడాలంటే మెడ తిరగక ఒళ్లంతా తిప్పేవాడు. ఆయన పోయినప్పుడు పాడె మీద ఆ కాళ్లు చాపించడం ఎవరి వల్లా కాలేదు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయి, సంతోషమే. ఒకసారి వంగిన ఎముక మాత్రం మళ్లీ నిటారు కాదు. రెండో ఆల్బమ్ ఆ ఎముకల గురించే చేద్దామనుకున్నాం. మొదటి పాటకు మేనత్త శోకం కావాలని అడిగాం.

ఆమె చెంపలేసుకుంది. "బతికున్నోళ్ల ఇంట్ల శోకం పెట్టొద్దురా. ఇంటికి అరిష్టం."

మా దగ్గర అది గట్టి పట్టింపు. సరదాకు కూడా ఎవరూ ఆ రాగం తీయరు. మేము ఆశ వదులుకున్నాం. కొన్నాళ్లకు ఆమే కర్ర పట్టుకుని వచ్చి, మమ్మల్ని మైకు తెమ్మని, ఊరి చివర పాత బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. ఈ నీళ్లు తాగొద్దని ఎప్పుడో ఎర్రరంగు పూసి వదిలేసిన బోరింగు అది.

"సావింట్లనే గదా శోకం పెట్టాలె? గిది సావిల్లే. గిన్నేండ్ల సంది ఒక్కలన్న ఏడ్సిండ్రా ఈడ? పెట్టు మైకు."

ఆ ఇనుప గొట్టం కాళ్ల దగ్గర, శవం కాళ్ల దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది.

"అమ్మా అని మొక్కి తాగినమే ఓ గంగమ్మా,
బొక్క బొక్కకు ముడేసి పోతివే ఓ గంగమ్మా."

ముడిపడ్డ ఎముకలతో మొదలై మామ మెడ వచ్చింది, చాపలేని కాళ్లు వచ్చాయి, పెళ్లి కుదరని ఆడపిల్లలు వచ్చారు. మా డ్రమ్మర్ తాళం లెక్క పెట్టబోతే మధ్యలోనే ఆపి తిట్టింది. "ఏడుపుకు లెక్కేందిరా? నాకు ఎక్కిళ్లు వచ్చినప్పుడు నువ్వాగు. నేను ఊపిరి తీసినంక కొట్టు." వాడు అలాగే కొట్టాడు. ఆ పాట మొత్తం ఆమె ఊపిరిని బట్టే నడుస్తుంది.

గిటార్లన్నీ కలిపాక మొదటిసారి వినిపించింది ఆమె వాకిట్లోనే. మా ఖర్మకొద్దీ డీజే పెట్టె తెచ్చి పెట్టాం. పాట మొదట్లో గిటార్లు లేవు, ఆమె గొంతొక్కటే ఉంది. అంతే, ఊరు ఊరంతా కదిలింది. పత్తి చేలోంచి చెంగులు దులుపుకుంటూ వచ్చినవాళ్లు, సగం గడ్డం గీసుకుని వచ్చినవాడు, తువ్వాలు నెత్తిన వేసుకుని పాడెకు బొంగులు ఎక్కడ దొరుకుతాయని అప్పుడే ఆరా తీస్తున్న ఒకాయన. ఎదురింటి పెద్దమ్మ అయితే జుట్టు విరబోసుకుని వచ్చి నేల మీద కూలబడి, ఓ గంగమ్మా అని రాగం అందుకుని, ఆ తర్వాత అడిగింది, "ఎవలు పోయిండ్రు?" అని. సరిగ్గా అప్పుడే గిటార్లు, డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. పెద్దమ్మ ఎగిరిపడింది.

"బతికున్న ఇంట్ల శోకం పెడ్తవానే! నీ నోరు పడిపోను! ఊరికేమన్నయితే ఎవలు దిక్కు?"

మేనత్త తొణకలేదు. "ఎవలు పోయిండ్రని అడిగినవు గదా, జర కూసొని ఇను. అందులనే చెప్పిన."

మా రెండో ఆల్బమ్‌కు పేరు అక్కడే దొరికింది, "ఎవలు పోయిండ్రు?" అని.

ఆ తర్వాత మా మీద పడ్డ తిట్లకు అంతు లేదు. మొదటి ఆల్బమ్ అమ్మిన పట్నం కంపెనీవాడు శోకం తీసేస్తేనే ముట్టుకుంటానన్నాడు. తీయం పొమ్మన్నాం, మేమే నెట్‌లో పెట్టుకున్నాం. పొద్దున్నే పాట వింటే ఎవరో చచ్చిన కబురు వచ్చిందని ఒకడు రాశాడు. తాళం రాని వెధవలని ఇంకొకడు. డీజేలు మా పేరు చెబితే మొహం తిప్పుకున్నారు. కల్వకుర్తి ప్రోగ్రాంలో బరాత్ పాటలు పాడమని అరిచి, మేము పాడకపోతే నీళ్ల ప్యాకెట్లు విసిరారు. మాతో వచ్చిన మేనత్త స్టేజీ మీద పడ్డ ఒక ప్యాకెట్టు తీసి, మూల కొరికి, తాపీగా తాగి మైకు ముందుకొచ్చింది. "మంచి నీళ్లే. ఇంకిన్ని ఏస్తే మా ఊరికి తీస్కవోత." సగం మంది నవ్వారు, సగం మంది లేచిపోయారు. ఉన్నవాళ్ల కోసం పాడాం. ఆ రెండో ఆల్బమ్ ఆడలేదని నన్ను ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. నిజమే, ఆడలేదు. ఏడ్చింది. మేము చేసిందే అందుకు.

అసలు దెబ్బ ఊళ్లో ఆమెకు తగిలింది. ఆ ఏడు ఊళ్లో చావులు ఎక్కువయ్యాయని, అంతా ఆ పాట వల్లేనని పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి ఆమెను పిలిచి, తప్పయిందని అందరి ముందూ ఒక్కమాట అనమన్నాడు.

"తప్పయింది," అంది మేనత్త. అందరూ హమ్మయ్య అనుకునేలోపు, "ఎవలదో మీరే చెప్పురి" అని కొంగు దులుపుకుని వచ్చేసింది.

అప్పట్నుంచి చావింటికి ఆమెను పిలవడం మానేశారు. జీవితమంతా మొదటి కబురు అందుకున్న మనిషికి కబురే రాకుండా పోయింది. అది ఆమెకు ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. ఎక్కడైనా ఏడుపు వినబడితే చేతిలో పని వదిలేసి గడప దాకా వచ్చి, అక్కడ ఆగిపోయేది. ఒక్కమాట అంటే అయిపోతుంది కదత్తా అని నేనే ఒకసారి అన్నాను. "నేను ఏడ్సింది అబద్ధమా? అబద్ధమైతే చెప్పు, గిప్పుడే పోయి కాళ్లు మొక్కుత," అంది. ఆ తర్వాతే ఆమె మెమరీ కార్డు వేసిన చిన్న స్పీకరు ఒకటి నాతో తెప్పించుకుంది. దొడ్డి గుంజకు తగిలించి, గొర్లను వదిలే ముందు రోజూ ఆ పాట పెట్టేది. "నన్ను పిలువకుంటే పాయె. నేనే ఊరిని పిలుస్త" అనేది.

నేను ఊరు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు గానీ రాగం ఎవరూ ఎత్తడం లేదు. ముందుగా ఎత్తే మనిషి ఆమే కదా. కోడలి ఏడుపు కూడా అలసిపోయి ఆగింది. మా డ్రమ్మర్ దొడ్డి గుంజ దగ్గరికి నడిచాడు. పెద్దమనిషి చూశాడు.

"ఇయ్యాలన్న ఆ పాట వద్దురా."

నా నోటికి వచ్చిన మాట నేను అనేలోపే ఎదురింటి పెద్దమ్మ లేచి నిలబడింది. ఆ రోజు నోరు పడిపోను అని తిట్టిన పెద్దమ్మే.

"ఎందుకొద్దు? ఇయ్యాల సావిల్లే గదా. ఇయ్యాల గూడ తప్పేనా?"

పెద్దమ్మే పోయి స్పీకరు నొక్కింది. మా మేనత్త చావుకు మొదటి రాగం మా మేనత్తే ఎత్తింది. రెండో చరణానికి ఆడవాళ్లంతా అందుకున్నారు.

ఆ గొంతు వినగానే పొద్దుట్నుంచి దొడ్డిలో ఆకలితో పడి ఉన్న గొర్లన్నీ లేచి తడక దగ్గరికి వచ్చాయి. వాటికి అది మేతకు పోయే పాట. పాడె లేచింది, డప్పులు మోగాయి, మగవాళ్లం భుజాలు పట్టాం. వీధి మలుపులో నేను తిరిగి చూశాను. పెద్దమ్మ తడక తీసింది. మేనత్త కర్రను చేతిలోకి తీసుకుని, స్పీకరు మెడలో వేసుకుని, గొర్ల వెనక గుట్ట వైపు నడుస్తోంది. మేము మేనత్తను మోసుకుని ఒక దారిన పోతున్నాం. ఓ గంగమ్మా అంటూ ఆమె గొంతు మాత్రం ఇంకో దారిన, గొర్లతో పాటు పోతాంది.