పులిబోను గడ్డి

ఈ సంగతి ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఒక్కడే ఉండేవాడు, మా అన్న. పోయిన ఎండాకాలం ధర్మవరంలో చనిపోయాడు. అన్న బతికున్నంత కాలం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ ఈ బరువును మోయగలిగాను. ఇప్పుడు చెప్పడానికి ఏ ఆదివారమూ మిగల్లేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

హిందూపురంలో మాది జట్కా ఇల్లు. మొదట నాయన తోలాడు. నాయన, అమ్మ పోయాక అన్న తోలాడు. అన్నకు నేను, నాకు అన్న, మా ఇద్దరికీ చుక్క. చుక్క మా గుర్రం. నుదుట తెల్లమచ్చ ఉండేది. ఆ జట్కా మీదనే అన్న నన్ను చదివించాడు. ఆడపిల్లల బడిలో టీచరు పని దొరికినప్పుడు, నడిచి పోతానన్నా వినకుండా జట్కాలో తీసుకుపోయి గేటు ముందర దించాడు. పిల్లలు నాకు గుర్రాల టీచరని పేరు పెట్టారు. నవ్వి ఊరుకోవలసిన విషయం. నేను ఊరుకోలేకపోయాను. అప్పటినుంచి బడికి బయలుదేరే ముందు చీర కొంగు వాసన చూసుకునేదాన్ని.

యాభైల చివర్లో బస్సులు పెరిగి జట్కాకు బేరాలు తగ్గాయి. పెళ్ళి మాట ఎత్తితే అన్న, వచ్చినామెకు ఏం పెట్టేదని వాయిదా వేసేవాడు. అలాంటప్పుడు స్టేషను అవతల మైదానంలో సర్కసు దిగింది. ఏనుగు, ఒంటెలు, ఒక ముసలి సింహం, ఒక పులి. వాళ్ళ రౌతు ఒకడు అలిగి వెళ్ళిపోయాడట. అన్న పెన్న ఇసుకలో చుక్క వీపు మీద నిలబడి స్వారీ చేయడం చూసినవాళ్ళు ఎవరో చెప్తే, పిలిపించారు. పులిబోను చుట్టూ గుర్రం మీద నిలబడి తిరగాలి. చేసి చూపిస్తే అన్ననూ చుక్కనూ కంపెనీలోనే పెట్టుకుంటామన్నారు. ఆ పూట అన్న అన్నం కలుపుకుని, తినడం మరిచి మాట్లాడుతూనే ఉన్నాడు.

అయితే గుర్రానికి పులి వాసన పడదు. పులిని చూడకపోయినా, గాలికి వాసన తగిలితే చాలు, బెదురుతుంది. కళ్ళకు గంతలు కట్టొచ్చు, ముక్కుకు ఏం కడతాం? దీనికి సర్కసువాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పులి కింద పరిచిన గడ్డి, దాని ఉచ్చ పడిన గడ్డి, రోజూ కొంత తెచ్చి గుర్రం కొట్టంలో వేస్తారు. మొదట మూలన, తర్వాత దగ్గరగా, చివరికి కాళ్ళ కింద. ఆ గడ్డి మీద నిలబడి గుర్రం నిమ్మళంగా ఉలవలు తింటే అప్పుడు దాన్ని బోను దగ్గరికి తీసుకుపోవచ్చు. అంతకు ముందు తీసుకుపోకూడదు.

అన్న డేరాల్లోనే ఉండి వాళ్ళ గుర్రం మీద ఆట నేర్చుకుంటున్నాడు. చుక్క ఇంట్లో నా దగ్గర ఉంది. సాయంత్రాలు సర్కసు మనిషి గోనెసంచిలో గడ్డి తెచ్చి మా వాకిట్లో పెట్టి పోయేవాడు. దాన్ని కొట్టంలో పరచడం నా పని. అన్న నాకు అప్పజెప్పింది అదొక్కటే.

మొదటి రోజు పరిచాను. చుక్క గోడకు ఒదిగిపోయి వణికింది. ఉలవలు ముట్టలేదు. ఆ కంపు నా చేతులకు పట్టి, సీకాయతో రుద్దినా వదల్లేదు. మరుసటి రోజు బడిలో ముందు వరసలో పిల్ల ఓణీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. విరామంలో నా పక్కన కూర్చునే టీచరమ్మ లేచి కిటికీ దగ్గరికి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ సాయంత్రం సంచిని పెరట్లో దిబ్బ మీద కుమ్మరించి, పైన చుక్క లద్దె కప్పాను. ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అదే చేశాను.

చుక్క మీద జాలితో చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది వణికింది నిజమే కదా? తిండి మానింది నిజమే కదా? కానీ జాలే అయితే అన్నతో ఎందుకు చెప్పలేదు, గడ్డి మీద లద్దె ఎందుకు కప్పాను, సంచి తెచ్చినవాడితో వద్దని ఒక్క మాట ఎందుకు అనలేకపోయాను? నేను సిగ్గుపడింది పులి వాసనకు కూడా కాదు. మా ఇంటి వాసనకు. నన్ను చదివించిన ఇంటి వాసన నా ఒంటి మీద ఎవరికీ తెలియకూడదని.

ఒక ఆదివారం పొద్దున అన్న చుక్క కోసం వచ్చాడు.

“పాపా, గడ్డి వేస్తాండావా?”

“వేస్తాండా.”

“కాళ్ళ కిందనే?”

“ఊ. కాళ్ళ కిందనే.”

“దాని మీద నిలబడి ఉలవలు తింటాందా?”

“తింటాంది.”

అన్న కొట్టంలోకి వంగి చూసి ముక్కు ఎగబీల్చాడు. “వాసన లేదే?”

“పొద్దున్నే కడిగేస్తాండా, అన్నా. నీ పులి కంపుతో నేను బడికి ఎట్ల పోయేది?”

నవ్వాడు. “నీ బడి పిల్లోళ్ళ కన్నా ఇదే మేలబ్బా. వాళ్ళకు ఎక్కాలు వచ్చేకి ఏడాది పడతాది. దీనికి అప్పుడే పులి వచ్చేసె.” చుక్క మెడ తట్టి దాన్నే అడిగాడు. “ఏమ్మే, టీచరమ్మ చెప్తే ఇననోళ్ళు యాడన్నా ఉండారా?”

వాసన లేదే అన్నప్పుడు అన్న నాకు తెలియకుండానే దారి ఇచ్చాడు. ఇంకా వేయలేదన్నా, కొన్నాళ్ళు ఆగు, అంటే సరిపోయేది. కోప్పడేవాడు. అంతే. నేను రెండో అబద్ధం చెప్పాను. మొదటిదాని కన్నా అది తేలిగ్గా వచ్చింది.

అన్న చుక్కనెక్కి సర్కసు మైదానానికి బయలుదేరాడు, వాళ్ళ వెనక నేనూ పోయాను. ఒంటెల పక్కన చుక్క బాగానే నడిచింది. బోను కనబడకముందే ఆగింది. చెవులు వెనక్కి పడ్డాయి. ఇది చదువుతున్న మీకు ఒక్కటి తెలియాలి. అన్న గుర్రాలు తెలిసినవాడు. మామూలుగా అయితే ఆ చెవులు చూడగానే దిగిపోయేవాడు. దిగలేదు. పులికి అలవాటు పడిందని నేను చెప్పాను కాబట్టి, జనాన్ని చూసి మొరాయిస్తోందనుకున్నాడు. మడమలతో పొడిచి ముందుకు తోలాడు. బోనులో పులి పడుకునే ఉంది, లేవను కూడా లేదు. చుక్క నిట్టనిలువునా లేచి పక్కకు పడింది. అన్న దాని కింద, డేరా తాళ్ళు కట్టిన ఇనుప గూటం మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో సర్కసువాళ్ళు గుర్రానికి అలవాటు చేయకుండా తెచ్చావని అన్నను తిట్టారు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. మా చెల్లెలు దగ్గరుండి గడ్డి వేసింది, అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ గుర్రమే మంచిది కాదు అన్నాడు అన్న. నేను నేల చూశాను. చెల్లెలు ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

అన్న చుక్క ముఖం చూడనన్నాడు. రౌతును పడేసిన గుర్రాన్ని జట్కాకు ఎవరు కొంటారు? కదిరి నుంచి ఒకతను సున్నం రుబ్బే గానుగ తిప్పించడానికని దాన్ని కొనుక్కుపోను వచ్చాడు. కొత్త మనిషి వెంట అది కదల్లేదు. ఊరి చివర దాకా నేనే పట్టుకుని నడిపించాను. నా వెంట వచ్చింది.

సర్కసు వెళ్ళిపోయింది. నేను పెనుకొండ బడికి మారాను. కాలు ఈడ్చి నడిచే మనిషికి కూర్చుని చేసే పని కావాలి కదా, అన్న ధర్మవరంలో ఒక మగ్గాల ఇంట్లో పట్టు కండెలు చుట్టడానికి కుదిరాడు. పెళ్ళి చేసుకోలేదు. నేనూ చేసుకోలేదు. ఆదివారాలు రైలెక్కి పోయేదాన్ని. రాట్నం పక్కన కూర్చుని, చెప్పాలని, ఇంకేదో మాట్లాడి వచ్చేదాన్ని. తిరుగు రైల్లో ఎవరైనా పలకరిస్తారేమోనని చేతిలో పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని. ఎవరూ పలకరించేవాళ్ళు కాదు.

అన్న పోయిన తర్వాత ఆ మగ్గాల ఇంటామె నన్ను ఓదారుస్తూ ఒక మాట చెప్పింది. “మీ అన్న ఎప్పుడూ నీ మాటేనమ్మా. చదువుకున్న పిల్ల, నాకోసం పులి కింద గడ్డి చేతులతో ఎత్తినాదని వచ్చినోళ్ళకంతా చెప్తాండె.”

ఆమెకు అప్పుడైనా చెప్పవలసింది. నా చేతులు ఆమె చేతుల్లో ఉన్నాయి. చెప్పలేదు. అన్న అంత గొప్పగా చెప్పుకున్నదాన్ని ఆమె ముందు పడగొట్టలేక ఆగానా, ఆమె చేతులు వదిలేస్తుందని ఆగానా? రెండోదే అనుకుంటున్నాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. ఆ హక్కు ఉన్నవాడు లేడు, ఉన్నా అడిగే ధైర్యం నాకు ఉండేదని చెప్పలేను. చుక్క చెడ్డ గుర్రం కాదు. అన్న తొందరపడలేదు. గడ్డి నేను వేయలేదు, వేశానని చెప్పాను. ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్క మనిషికైనా తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.