నీళ్ళు పడందే తెరుచుకోని పెట్టె

మా సిస్టరమ్మ పోయింది. ఆ సమయానికి నేను జగదల్‌పూర్‌లో ఆసుపత్రి బయట టీ బండి దగ్గర ఉన్నాను. గ్లాసు ఇంకా పెదాలకు తగలలేదు. వార్డులో పనిచేసే ముసలాయన మెట్లు దిగి వచ్చి, నా మొహం చూడకుండా, "దీదీ చలీ గయీ" అన్నాడు. చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాను. బండివాడు వంగి గాజు పెంకులు ఏరాడు. ఆసుపత్రి ముందు టీ అమ్ముకునేవాడికి ఇలాంటివి అలవాటే.

మర్నాడు పేపర్లో రెండు లైన్లు వేశారు. బీజాపూర్ అడవిలో కాలిబాట మీద బాంబు పేలి గాయపడిన నర్సు చికిత్స పొందుతూ మృతి. అంతే. ఆ బాంబును ఎప్పుడు పాతారో, ఎవరి కోసం పాతారో పాతినవాడికైనా ఇప్పుడు గుర్తుందో లేదో. ఆ రెండు లైన్లలో ఆమె కనిపెట్టిన పెట్టె లేదు. దానికి పేటెంటు వచ్చిందన్న మాట లేదు. ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. నేను రాసేవాణ్ణి కాను. ఆవపల్లి దాటాక అడవిలో ఉన్న చిన్న ఆసుపత్రిలో డ్రెస్సర్ని, గాయాలు కడిగి కట్లు కట్టేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఆమె కింద ఆ పని చేశాను. తిట్లు రోజూ తిన్నాను, ఒకసారి చెంపదెబ్బ కూడా తిన్నాను.

ఆమెది కిరందుల్ లైను రైల్వే కుటుంబం. తాత విజయనగరం వైపు నుంచి వచ్చాడు, తండ్రి సిగ్నళ్ళు మరమ్మతు చేసేవాడు. నేను తర్లగూడవాణ్ణి. నా 'ఏంది' విని ఆమె నవ్వేది, ఆమె 'ఏటి' విని నేను నవ్వేవాణ్ణి. రోగులతో దోర్లీ, గోండీ, పై అధికారులతో హిందీ మాట్లాడేది. తిట్టడానికి మాత్రం తెలుగే. ఎవరొచ్చినా ముందు వాళ్ళ గోళ్ళు చూసేది. ఒకసారి యూనిఫారంలో వచ్చిన పెద్ద ఆఫీసరు కరచాలనానికి చెయ్యి చాపితే, ఆ చేతిని వెనక్కి తిప్పి చూసి, జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి ఆయన చేతిలో పెట్టింది. పాపం, ఆయన అక్కడే బల్ల మీద కూర్చుని పది గోళ్ళూ తీసుకున్నాడు.

మా దగ్గరికి జలుబూ దగ్గూ తక్కువ. ఎలుగుబంటి పీకిన మొహాలు, గొడ్డలి దిగిన భుజాలు, తూటా దూరిన పొట్టలు, పాదం ఉండాల్సిన చోట లుంగీ గుడ్డ చుట్టి తెచ్చిన కాళ్ళు. ఎవరు ఏ పక్షమో అడిగేవాళ్ళం కాదు. ఆమె అడగకపోవడానికి కారణం ధర్మం, నేను అడగకపోవడానికి కారణం భయం.

పెట్టె సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇప్పపువ్వు ఏరుకునే ఆడమనిషిని మోసుకొచ్చారు. ఎలుగుబంటి ఆమె తొడ చీల్చేసింది. సిస్టరమ్మ టీకాలు వేయడానికి వేరే పల్లెకు వెళ్ళింది. నేను పక్క ఊళ్ళో పండుగకి మేకను కోసి అప్పుడే వచ్చాను. మా వైపు అలవాటు ఏమిటంటే, చేతికి నెత్తురంటితే ఆకుతో తుడుచుకుని, గోలెంలో చెంబు ముంచి నీళ్ళు పోసుకుంటాం. చెంబుతోపాటు నెత్తుటి వేళ్ళు కూడా ఆ నీళ్ళలో మునుగుతాయి. ఆ తరవాతివాడు అవే నీళ్ళు వాడతాడు. మా తాత అంతే, మా నాన్న అంతే, నేనూ అంతే. ఆ గాయపడిన మనిషి అన్నదమ్ములు గొడ్డళ్ళు పట్టుకుని "బిరాన కానీ" అని నా మెడ మీద అరుస్తుంటే, ఆ గోలెం నీళ్ళతోనే ఆ గాయం కడిగి కుట్టేశాను.

వారం తిరగకుండా ఆమె కాలు నల్లబడింది. చీము వాసనకి గదిలో నిలబడలేకపోయాం. కేకలు పెట్టి పెట్టి చచ్చిపోయింది. సిస్టరమ్మ నన్ను రెక్క పట్టుకుని గోలెం దగ్గరికి ఈడ్చుకుపోయి, ఫెడీమని చెంప మీద కొట్టింది.

"నువ్వే సంపేసినావురా! ఎలుగుబంటి కాదు, నువ్వు!"

"వాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని నిలబడితే నేనేం జేస్త సిస్టరమ్మా? నాకు పానం మీద తీపి ఉండదా?"

ఆమె గోలెం పక్కనే కూలబడి చాలాసేపు ఏడ్చింది. తరవాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "నీకు గట్టిగా సెప్పనందుకు నానూ సంపినాను. ఇకనుండి సెప్పడాలు లేవు. బయం పట్టిన మనిషికి ఏ మాటా సెవికెక్కదు" అంది.

ఆ మాట మీదే మూడు నెలలు ఆలోచించింది. రైల్వేలో ఒక ఏర్పాటు ఉంటుందట. పట్టాలు సరిగ్గా కలిస్తేనే సిగ్నల్ పడుతుంది. లేకపోతే స్టేషన్ మాస్టరు తల బాదుకున్నా పడదు. వాళ్ళ నాన్న దాన్ని బాగుచేస్తుంటే చూస్తూ పెరిగింది కాబట్టి, అదే మాకూ కావాలంది. రెండు నూనె డబ్బాలు, ఒక సైకిల్ బ్రేకు తీగ, ఒక ఇనప పెట్టె తెప్పించింది. పై డబ్బాకి సన్నటి కుళాయి ఉంటుంది. దాని కింద చేతులు కడుక్కుంటే ఆ నీళ్ళు గరాటాలోంచి కింది డబ్బాలోకి పోతాయి. కింది డబ్బా బ్రేకు తీగకు వేలాడుతుంటుంది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్ని నీళ్ళు పడితేనే ఆ బరువుకి తీగ లాగి, పెట్టె గడియ టక్కున వదులుతుంది. కత్తెరలు, సూదులు, గ్లౌజులు అన్నీ ఆ పెట్టెలోనే. డబ్బా ఖాళీ చేస్తే మూత మళ్ళీ పడిపోతుంది.

నాలాంటి దొంగలు చెంబుతో ఒక్కసారే నీళ్ళు గుమ్మరిస్తారని ఆమెకు తెలుసు. అందుకే గరాటా రంధ్రం చిన్నది పెట్టి, ఎక్కువ పోస్తే పొంగి బయటికి పోయేలా చేసింది. జగదల్‌పూర్ కాలేజీలో చదువు చెప్పే ఒక సారు దాన్ని చూసి, పేటెంటుకి కాగితాలు రాసిపెట్టాడు. ఇందులో కొత్తేముంది, చేతులు కడుక్కునే కుళాయిలు ఎక్కడైనా ఉన్నాయి కదా అని ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. "నీళ్ళు చేతికి కాదు, తాళానికి అని రాయండి సారూ" అంది. ఆయన దాన్నే చక్కటి ఇంగ్లీషులో రాశాడు. పేటెంటు వచ్చిన రోజు ఆ సారు ఫోనులో జాబితా చూపించాడు. మన ఒంట్లో ఉన్న రక్షణ కణాల చేతే క్యాన్సర్‌ను చంపించే మందు ఒకటి, ప్రోటీన్‌లను చిన్న ముక్కలు చేసి పరీక్షించే పద్ధతి ఒకటి, వాటి కింద మా నూనె డబ్బాలు. "సూడరా, ఎవరి పక్కన కూసున్నామో!" అని రోజంతా నవ్వింది. ఆ సాయంత్రం ఎర్రచీమల పచ్చడితో నాకు అన్నం పెట్టింది.

దాన్ని తయారుచేసి అమ్ముతామని ఒక కంపెనీ మనిషి వచ్చాడు. అంతా బాగుంది కానీ అత్యవసరానికి ఒక తాళంచెవి కూడా పెడదాం అన్నాడు. ఆమె ఆయన్ని గుమ్మం దాకా సాగనంపింది. "ఇక్కడికొచ్చేవన్నీ అత్యవసరాలే నాయనా. సెవి ఉంటే రోజూ అదే వాడతారు" అంది.

నేను మాత్రం ఆ వారమే గొడుగు పుల్ల ఒకటి విరిచి, కొన వంచి, గడియ సందులోకి దూరేలా సాన పెట్టుకున్నాను. దాంతో నీళ్ళు పడకుండానే పెట్టె తెరుచుకుంటుంది. ఒక్కసారి పరీక్షించి చూసి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాను. ఇన్నేళ్ళూ అది నా గుండె మీదే ఉంది. ఆమెకు చెప్పలేదు.

దాన్ని వాడబోయిన రోజు ఒకటి ఉంది. తుపాకులు పట్టుకున్న నలుగురు తమ మనిషిని తెచ్చి బల్ల మీద పడేశారు. పొత్తికడుపులోంచి నెత్తురు బుసబుసా పొంగుతోంది. సిస్టరమ్మ కుళాయి తిప్పి చేతులకు సబ్బు రాసుకుంటోంది. వాళ్ళలో పెద్దవాడు తుపాకీ గొట్టం ఆమె కణత మీద పెట్టి, "ఖోల్! జల్దీ ఖోల్!" అని పెట్టెను బూటుతో తన్నాడు. నాకు లాగు తడిసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. చెయ్యి జేబులోకి పోయింది.

ఆమె సబ్బు రుద్దుకుంటూనే హిందీలో చెప్పింది. "కాల్చు. నన్ను కాల్చినా అది తెరుచుకోదు. నా మాటే వినదు, నీ తుపాకీ మాట వింటుందా? నీ చేతులు ఊరికే ఉన్నాయిగా. దాన్ని పక్కన పెట్టి, ఈ గుడ్డ అతని పొట్ట మీద నొక్కు. నీ బలమంతా పెట్టి నొక్కు."

వాడు ఆమెను చూశాడు, పెట్టెను చూశాడు. తుపాకీ గోడకు ఆనించి, రెండు చేతులతో గుడ్డ నొక్కాడు. కాసేపటికి మూత టక్కున లేచింది. ఆ మనిషి బతికాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె బయటికి పోయి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. అప్పటిదాకా ఆమెకు భయం లేదనుకున్నాను.

ఇక మొన్నటి రోజు. పొద్దున్నే టీకాల డబ్బా భుజాన వేసుకుని వెళ్ళింది. కాసేపటికి అడవిలోంచి చప్పుడు వచ్చింది. మాకు ఆ చప్పుడు తెలుసు. మంచానికి కర్ర కట్టి నలుగురు మోసుకొచ్చారు. ఎడమకాలు మోకాలి కింద లేదు. ఎముక బయటికి పొడుచుకొచ్చి, దాని చుట్టూ మట్టి, ఆకులు, చెప్పు ముక్క. తొడ మీద ఆమే తన కొంగు బిగించి కట్టుకుంది. తువ్వాలు ఉండచుట్టి గాయం మీద తన చేతులతోనే నొక్కుకుంటోంది. మొహం సున్నంలా ఉంది కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి.

నేను ఏమీ ఆలోచించలేదు. జేబులోంచి గొడుగు పుల్ల తీసి గడియ సందులో పెట్టాను.

"ఏటిరా అది?"

నా చెయ్యి ఆగిపోయింది. "పెట్టె తెరిసేది, సిస్టరమ్మా."

"ఎన్నాళ్ళనుండి ఉంది నీకాడ?"

"ఆ కంపెనీ మనిషి వచ్చిపోయిన కాన్నుంచి."

"ఒక్కసారైనా ఎవరికన్నా వాడినావా?"

"లేదు. మా అమ్మ తోడు, లేదు."

"మరి ఇవాళెందుకురా?"

"నువ్వు గాబట్టి!" అని అరిచాను. "ఆ నీళ్ళు పడేదాకా నువ్వు ఉంటవో లేదో! నాకు పెట్టె వద్దు, పేటెంటు వద్దు, నువ్వు గావాలె!"

ఆమె పెదాలు కొరుక్కుని, తువ్వాలు ఇంకా గట్టిగా నొక్కుకుంది. "నాను కాబట్టే కడుగు. నానిక్కడ నొక్కుకుంటాను. ఎల్లు. మోసేతుల దాకా."

కడిగాను. పుల్ల మళ్ళీ జేబులో పడేసి, ఏడుస్తూ, ఆమెను తిడుతూ, ఆ సన్నటి కుళాయిని తిడుతూ కడిగాను. నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నట్టే అనిపించింది. వెనక మంచం పట్టెల్లోంచి ఆమె నెత్తురు నేల మీద పడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. "గోళ్ళు" అంది ఆమె. గోళ్ళు కూడా రుద్దాను. టక్కున మూత లేచింది. నాకు వచ్చినంత బాగా కట్టు కట్టాను. వాళ్ళే మళ్ళీ మంచం ఎత్తి రోడ్డు దాకా మోశారు. అంబులెన్సులో ఆమె తల నా ఒళ్ళోనే ఉంది.

మూడు రోజులు బతికింది. నెత్తురు చాలా పోయిందనీ, గుండె తట్టుకోలేకపోయిందనీ డాక్టరు చెప్పాడు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, "గాయంలో మాత్రం చీము చుక్క లేదు. చాలా శుభ్రంగా కట్టావు" అన్నాడు. మెచ్చుకున్నాడు పాపం. ఆయన గొంతు పట్టుకుందామనిపించింది. ఆ నీళ్ళు పడేంతసేపూ పోయిన నెత్తురు ఉంటే ఆమె బతికేదేమో. బతికేది కాదేమో. ఇది నాకు ఎవరూ చెప్పలేరు, నేను చచ్చేదాకా నన్ను ఇది వదలదు.

కిరందుల్‌లో ఆమెను మట్టిలో పెట్టి, మా ఆసుపత్రికి తిరిగి వచ్చి తాళం తీశాను. లోపల అంతా ఆరోజు వదిలినట్టే ఉంది. సబ్బు మీద నా వేళ్ళ గుర్తులు ఎండిపోయి ఉన్నాయి. కింది డబ్బా నిండుగా ఉంది కాబట్టి పెట్టె మూత తెరిచే ఉంది. పెరట్లోకి పోయి గొడ్డలి తెచ్చాను. ముక్కలు ముక్కలు చేసేద్దామని ఎత్తాను.

"డ్రెస్సరన్నా!" అని గుమ్మంలోంచి పిలుపు వచ్చింది. పక్క పల్లె ఆడమనిషి. తల పగిలి, నెత్తురు కంట్లోకి, మెడ మీదికి కారుతోంది. "మా ఇంటాయన తాగొచ్చి కట్టెతోని కొట్టిండన్నా. నెత్తురు ఆగుతలేదు. బిరాన కట్టన్నా."

గొడ్డలి దించాను. పెట్టె తెరిచే ఉంది. చెయ్యి చాపితే సూది అందుతుంది. నా చేతులకు గొడ్డలి పిడి మట్టి, ఆమెను పూడ్చిన చోటి మట్టి. ఒక్క క్షణం చాపాను కూడా.

తరవాత జేబులోంచి గొడుగు పుల్ల తీసి పెట్టెలో పడేశాను. కింది డబ్బా తీసి, ఆ పాత నీళ్ళు బయట పారబోసి, మళ్ళీ తీగకు తగిలించాను. మూత టక్కున పడింది. పుల్ల లోపలే ఉండిపోయింది.

"ఇగో అక్కా, ఈ గుడ్డ పెట్టుకుని గట్టిగ నొక్కు" అని ఆమెకు చెప్పి కుళాయి తిప్పాను. ఆమె తల నొక్కుకుంటూ, నేనేం చేస్తున్నానో అర్థంకాక, సన్నగా పడుతున్న నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.