బందెలదొడ్డి తలుపు తీసిన మనిషి

పొద్దున్నే ఏ ఇంట గేదె అరిచినా కాఫీ గ్లాసు పక్కన పెట్టి చెవి ఒగ్గుతాను. పాలు పితకక పొదుగు సలిపే గేదె అరుపు వేరు, ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. నేను విన్నది స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, తిరుపతికి దగ్గరలోని ఒక చిన్న పురపాలక కార్యాలయంలో గుమాస్తాగా చేరినప్పుడు. ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ రోషపడేవాళ్ళున్నారు. ఆ అరుపు గుర్తొస్తే మా శానిటరీ ఇన్‌స్పెక్టరు శేషాచార్యులు గారు గుర్తొస్తారు.

నుదుట నిలువు నామం, చంకలో గొడుగు. ఆయన వస్తున్నారంటే వీధి వీధంతా సర్దుకునేది. మురుగునీళ్ళు బజారులోకి వదిలినందుకు సొంత బావమరిదికే జరిమానా వేసిన మనిషి. పాపం, ఆ ఏడు పండక్కి అత్తవారింటి నుంచి ఆయనకు పిలుపు రాలేదు. నాకైతే ఆయనంటే హడలు. జాలి అనేది ఈయన జాతకంలోనే లేదనుకునేవాణ్ణి.

వీధిలో తిరిగే గొడ్లను బంధించే బందెలదొడ్డి మా ఆఫీసు వెనకే ఉండేది. ఒకనాడు పెళ్ళిపందిరికి కట్టిన అరటిచెట్లను ఎవరిదో గేదె తినేసింది. పెళ్ళివారు కేకలు వేస్తే మా జవాను మునస్వామి వీధి చివర కనబడ్డ చెంగమ్మ గేదెను తోలుకొచ్చి దొడ్లో పెట్టాడు. అప్పట్లో జవాను మాటే సాక్ష్యం. చెంగమ్మకు భర్త లేడు, ఆ పాడి మీదే ఇల్లు గడిచేది. చేయని తప్పుకు జరిమానా కట్టనని ఆమె మొండికేసింది. గడువు దాటితే వేలమే. ఆ గేదె ఆమె చేతికి తప్ప పాలివ్వదు, పితకబోయిన మునస్వామి తన్ను తిని వచ్చాడు. ఆమెను లోపలికి రానివ్వడానికి రూలు ఒప్పుకోదు. గోడ బయట నిలబడి ఆమె పిలిచేది, లోపల నుంచి అది అరిచేది. మాకెవరికీ అన్నం సయించేది కాదు.

వేలం వేసే రోజు పొద్దున చెన్నపట్నం నుంచి కొత్త చట్టం తాలూకు ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట జవాన్లకు కేసు పెట్టే అధికారం లేదు. తప్పును కళ్ళారా చూసిన అధికారి సంతకం చేస్తేనే కేసు చెల్లుతుంది, తేలని పాత కేసులకూ ఇదే వర్తిస్తుంది. ఇన్‌స్పెక్టర్ల అధికారానికీ అందులో చాలా కత్తిరింపులు ఉన్నాయి. ఆచార్యులు గారు మండిపడతారనుకున్నాను. ఆయన కాగితం రెండోసారి చదివి మునస్వామిని పిలిచారు.

"ఆ ఎనుము అరటిచెట్లు తినింది నువ్వు సూసినావా?"

"ఊరంతా అనినారు సామీ."

"ఊరి సంగతి కాదప్పా, నీ కండ్ల సంగతి అడిగినాను."

"లేదు సామీ," అన్నాడు మునస్వామి తల దించుకుని.

హెడ్డు గుమాస్తా అడ్డం వచ్చాడు. "తొందరేముండాది సామీ? చైర్మను ఊర్నుంచి వచ్చినాక సూపిస్తాము. ఈ పొద్దు వేలం కానీండి. రేపు ఆయప్ప అడిగితే జవాబు ఎవురు చెప్తారు?"

"నేను చెప్తాను. పట్టేదానికి నిదానం కావాల. ఇడిచేదానికి ఎందుకప్పా నిదానం?" అంటూ తాళంచెవి తీసుకుని ఆయన బయల్దేరారు.

వేలం పాడడానికి వచ్చినవాళ్ళు చూస్తుండగానే తలుపు తీశారు. చెంగమ్మ పరుగున వెళ్ళి పొదుగు దగ్గర కూర్చుంది. పాత్ర లేదు, పాలన్నీ నేలపాలయ్యాయి. ఆమె మాత్రం ఏడుస్తూ నవ్వుతూ పితుకుతూనే ఉంది. అరుపు ఆగిపోయింది. నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది.

ఆచార్యులు గారు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నారు. "ఈ పొద్దు నిద్ర పడతాది నాకు," అన్నారు.

"మీ అధికారం తగ్గింది కదా సార్?" అని నోరుజారాను.

"తగ్గనీ. మోసేదానికి బరువుగా ఉండె."

తర్వాత నేనూ అధికారినయ్యాను. శిక్ష వేసే కాగితం వస్తే ఒక రాత్రి నిద్రపోయి లేచాకే సంతకం పెట్టేవాణ్ణి. విడిచిపెట్టే కాగితమైతే నిలబడిన చోటే. ఒకసారి పెన్ను కనబడక పక్కసీటాయన జేబులోంచి లాక్కున్నాను. "ఏమి సార్, కొంపలేమన్నా మునిగినాయా?" అన్నాడాయన. నేను సంతకం గీసి కాగితం పట్టుకుని లేచాను. ఆ కాగితం కోసం బయట వరండాలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.